అమ్మాయి పరీక్షలు... అత్తగారి దగ్గు!

తెల్లవారుజాము నాలుగున్నర. డికాక్షన్ ఇంకా దిగలేదు. వంటింటి గట్టు మీద పోపులపెట్టె పక్కన వెయ్యి పేజీల పుస్తకం ఒకటి తెరిచి ఉంది. "అమ్మా, నువ్వు పుస్తకం పట్టుకో. నేను చెబుతా. తప్పు పోతే ఆపు" అంటూ జుట్టు ముడేసుకుంటోంది మా అమ్మాయి.

మెడిసిన్ చదివే పిల్లలున్న ఇళ్ళల్లో ఇది కొత్త సంగతేం కాదు. మొదటి ఏడాదంతా ఎముకలూ, నరాలూ అంటూ గడిచిపోతుంది. రెండో ఏట అసలు కథ మొదలవుతుంది. పాథాలజీ, ఫార్మకాలజీ, మైక్రోబయాలజీ. జబ్బు ఒంట్లో ఎలా పుడుతుందో మొదటిది చెబుతుంది. దానికిచ్చే మందు ఎలా పనిచేస్తుందో, ఏం చెరుపు చేస్తుందో రెండోది చెబుతుంది. మూడోది క్రిముల సంగతి. పిల్లలు 'రాబిన్స్', 'కె.డి.టి.' అని చుట్టాల పేర్లలా పిలుచుకునే పుస్తకాలు మంచాల మీదా, కుర్చీల మీదా, ఆఖరికి బియ్యం డబ్బా మీదా కనిపిస్తుంటాయి. కె.డి.టి. అంటే త్రిపాఠీగారి ఫార్మకాలజీ అని నాకు తెలియడానికే ఆర్నెల్లు పట్టింది.

నేను చదివింది బి.ఏ. ఆ పేర్లు నాకు నోరు తిరగవు. అయినా పుస్తకం పట్టుకోవడానికి నోరు తిరగక్కర్లేదుగా! వేలు పెట్టి వరసగా చూసుకుంటూ పోతాను. అది చెబుతుంది. మొదట్లో అంతా బట్టీయే. ఫలానా మందుకి తొమ్మిది సైడ్ ఎఫెక్టులు, ఫలానా మందుకి పదకొండు. వేళ్ళు మడుస్తూ చెప్పేది. ఎనిమిదో వేలు దగ్గర ఆగిపోయేది. "అమ్మా, ఒక్క అక్షరం అందించవే" అని బతిమాలేది.

కాలేజీలో జరిగిన లోపలి పరీక్షలో ఈ బట్టీ బండారం బయటపడింది. వైవాలో కూర్చోబెట్టి, బి.పి. మందుల గుంపు ఒకటి చెప్పి, సైడ్ ఎఫెక్టులు అడిగారట. ఇది గడగడా అప్పజెప్పింది. "సరే, ఎందుకొస్తాయి?" అన్నారట. అంతే! నోరు పెగల్లేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అన్నీ చెప్పానమ్మా, ఎందుకో ఒక్కటే చెప్పలేకపోయాను" అని.

నేనేం ఓదార్చగలను? "రేపట్నుంచి పుస్తకంలో ఉన్నది నేనడగను. ఎందుకొస్తుంది అని మాత్రమే అడుగుతాను. నాకు అర్థమయ్యేలా చెప్పు. నాకు అర్థం కాకపోతే నీకు రానట్టే" అన్నాను. ఆ మాట ఊరికే అన్నాను. అది మా ఇంట్లో ఎంత దూరం పోయిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

దీపావళి పొగ, కార్తీక స్నానం, భోగిమంట

మా అత్తగారికి డెబ్బై రెండేళ్ళు. బి.పి. ఉంది. దసరాకి ముందు డాక్టరుగారు పాత మాత్ర మార్చి కొత్తది రాశారు. దీపావళి నాటికి ఆవిడకి దగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు. గొంతులో ఈక పెట్టి తిప్పుతున్నట్టు ఒకటే పొడిదగ్గు. పగలు ఫరవాలేదు, రాత్రి పడుకుంటే మొదలు. దీపావళి మందుల పొగ పడలేదన్నాం. కార్తీకమాసంలో చన్నీళ్ళ స్నానాలు మానండంటే వినలేదు, అందుకే అన్నాం. సంక్రాంతికి భోగిమంట దగ్గర నిలబడ్డారు, అదీ సరిపోయింది. ప్రతి పండక్కీ ఒక కారణం దొరికింది మాకు.

శొంఠి కషాయం, మిరియాల పాలు, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోవడం... అన్నీ అయ్యాయి. రెండు సీసాల దగ్గుమందు అయింది. వేరే డాక్టరుకి చూపిస్తే ఎక్స్‌రే తీయించారు, తెమడ పరీక్ష చేయించారు. ఏమీ లేదన్నారు. అంతవరకూ సంతోషమే. కానీ 'క్షయేమో' అన్న అనుమానం ఒకసారి వచ్చాక ఇంట్లో అదో రకం నీడ పడుతుంది. ఆవిడ తన గ్లాసు, తన కంచం వేరు పెట్టేసుకున్నారు. మనవరాలి చదువు పాడవుతుందని మంచం హాల్లోంచి వెనక వరండాలోకి వేయించుకున్నారు. ఎవరూ అడగలేదు, ఆవిడే వేయించుకున్నారు. దగ్గొచ్చినప్పుడల్లా చీర చెంగు నోట్లో కుక్కుకోవడం నేను చూశాను. ఏం మాట్లాడాలో తెలియక ఊరుకున్నాను.

ఫిబ్రవరిలో ఒకరోజు, నేను చపాతీలు వత్తుతుంటే అమ్మాయి బి.పి. పాఠం చెబుతోంది.

"కిడ్నీకి రక్తం తక్కువొస్తోందనిపిస్తే రెనిన్ అనే పదార్థం వదులుతుందమ్మా. దానివల్ల రక్తంలో యాంజియోటెన్సిన్ పుడుతుంది. ముందు పుట్టేది ఉత్త పచ్చిది, దానికి బలం లేదు. ఊపిరితిత్తుల్లో ఏ.సీ.ఈ. అనే ఎంజైము ఉంటుంది. అది ఆ పచ్చిదాన్ని కోసి పదునైనదిగా చేస్తుంది. ఆ పదునైనది రక్తనాళాల్ని బిగిస్తుంది, ఉప్పుని ఒంట్లో నిలవ చేయిస్తుంది. బి.పి. పెరుగుతుంది. మనమిచ్చే మందు ఆ ఎంజైము చేతులు కట్టేస్తుంది."

"బాగుంది. మరి సైడ్ ఎఫెక్ట్?"

"పొడిదగ్గు."

"ఎందుకొస్తుంది?"

ఈసారి ఆగలేదు. "ఆ ఎంజైముకి రెండు పనులమ్మా. ఒకటి యాంజియోటెన్సిన్ తయారుచేయడం. రెండోది బ్రాడికైనిన్ అనేదాన్ని విరిచి పారేయడం. చేతులు కట్టేస్తే రెండూ ఆగిపోతాయి. బ్రాడికైనిన్ ఊపిరితిత్తుల్లో పేరుకుని అక్కడి నరాల్ని గిలిగింతలు పెడుతుంది. దాంతో..."

మాట మధ్యలో వరండాలోంచి దగ్గు వినిపించింది. అది ఆగి నా మొహం చూసింది. నేను దాని మొహం చూశాను. అప్పడాల కర్ర అక్కడే పడేసి ఇద్దరం వెళ్ళి ఆవిడ మందుల స్టీలు డబ్బా తెరిచాం. స్ట్రిప్ మీద పెద్దక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో అసలు పేరు: రామిప్రిల్.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి రెండు ముక్కలే. మర్నాడు బి.పి. చూసే డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్ళాం. దగ్గు సంగతి ఆయనకి మేం ఎప్పుడూ చెప్పనే లేదు. దగ్గు చూసిన డాక్టరుకి బి.పి. మాత్ర చూపించనే లేదు. రెండు జబ్బులకీ రెండు చీటీలు, రెండు సంచులు. తప్పు మాదే. ఆయన ఆ మాత్ర ఆపి, టెల్మిసార్టన్ అనే వేరే జాతి మాత్ర రాశారు. రెండు వారాలకి దగ్గు సగమైంది. నెల తిరిగేసరికి పోయింది. మంచం హాల్లోకి వచ్చింది.

ఈ దగ్గు అరుదైనదేం కాదు. ఆ జాతి మందులు వాడేవాళ్ళలో నూటికి అయిదు నుంచి ఇరవై మందికి దాకా వస్తుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ. మందు మానేశాక సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. అలాగని దగ్గు వచ్చిన ప్రతివాళ్ళూ బి.పి. మాత్ర కిటికీలోంచి విసిరేయకండి! బి.పి. మందు సొంతంగా మానడం దగ్గుకంటే పెద్ద ప్రమాదం. మార్చమని అడగాలి, అంతే.

నాకర్థమైంది నా భాషలో చెబుతాను. ఒకే పనిమనిషి ఇటు పిండి రుబ్బుతుంది, అటు పెరడు ఊడుస్తుంది. పిండి మరీ ఎక్కువైపోతోందని ఆమెని మాన్పించాం. రుబ్బడం ఆగింది, సంతోషం. కానీ పెరట్లో చెత్త పేరుకుంటోంది. దగ్గు ఆ చెత్తే. రెండో జాతి మందు ఏం చేస్తుందంటే, పనిమనిషిని మాన్పించదు. పిండి రుబ్బనిస్తుంది. అట్లు పోయకుండా పెనం దాచేస్తుంది! పెరడు శుభ్రంగానే ఉంటుంది. ఈ ఉపమానం విని మా అమ్మాయి పడీపడీ నవ్వి, తన నోట్సులో పనిమనిషి బొమ్మ వేసుకుంది.

అన్నట్టు ఈ మందుల పుట్టుక కూడా విచిత్రమే. బ్రెజిల్ దేశంలో ఒక విషసర్పం కరిస్తే మనిషి బి.పి. ఒక్కసారిగా పడిపోతుందట. ఆ విషంలో ఏముందని వెతుకుతూ పోతే ఈ ఎంజైముని ఆపే పదార్థం దొరికింది. దాని నమూనాలో చేసిన మొదటి మాత్ర కాప్టోప్రిల్. అమెరికాలో 1981లో అనుమతి పొందింది.

ఆ చెయ్యి ఇంకెక్కడుంది?

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో చదువు తీరు మారిపోయింది. ముందు ఆరోగ్యంగా ఉన్న అవయవం ఎలా పనిచేస్తుందో చెప్పాలి. తర్వాత జబ్బులో అక్కడ ఏది చెడిందో చెప్పాలి. మందు ఏ చోట చెయ్యి పెడుతుందో చెప్పాలి. ఆఖరుది అన్నిటికంటే ముఖ్యం: అలాంటి చోటే ఒంట్లో ఇంకెక్కడెక్కడ ఉంది? సైడ్ ఎఫెక్టులు చాలావరకు అక్కడే దొరుకుతాయి. తొమ్మిది పేర్లు బట్టీ పట్టే బదులు ఒక్క ప్రశ్నకి జవాబు వెతికితే ఏడు వాటంతటవే వస్తాయి. మిగిలిన రెండూ బట్టీ పడితే చాలు.

వాళ్ళ కాలేజీలో ఇంకో అమ్మాయి రంగురంగుల పెన్నులతో పట్టికలు గీసి గోడలనిండా అంటించుకుందట. చూడ్డానికి పెళ్ళి పందిరిలా ఉంటుందట. నా అభిప్రాయం అడిగితే, గీసినంతసేపూ బాగానే ఉంటుంది గానీ, పుస్తకం మూసి నోటితో చెప్పగలిగితేనే వచ్చినట్టు. చదివిందే నాలుగుసార్లు చదవడంకంటే, ఒక్కసారి చదివి, మూసి, ఎవరికైనా చెప్పడం మేలు. ఆ 'ఎవరికైనా' అన్నచోట ఏమీ తెలియని అమ్మ ఉంటే మరీ మంచిది. అన్నీ తెలిసిన స్నేహితురాలైతే మధ్యలోనే తలూపేస్తుంది!

ఇక చూడండి, ఎదురింటి పిన్నిగారి పాదాల వాపు. ఆవిడ వాడేది ఆమ్లోడిపిన్. అది రక్తం తెచ్చే సన్నని నాళాల్ని బాగా వదులుచేస్తుంది, రక్తం తీసుకుపోయే నాళాల్ని అంతగా చేయదు. అంటే వచ్చే కుళాయి బారుగా తెరిచి, పోయే తూము అలాగే ఉంచినట్టు. నీరు పక్కలకి ఊరుతుంది, చీలమండల దగ్గర నిలుస్తుంది. ఇది ఒంట్లో నీరెక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి, నీరు పోయే మాత్ర వేసినా పెద్దగా తగ్గదు. ఒక మందు తెచ్చిన తంటాకి ఇంకో మందు, దాని తంటాకి మరొకటి... పెద్దవాళ్ళ మందుల డబ్బాలు అలాగే నిండుతాయి. అయితే పాదాల వాపుకి గుండె, కిడ్నీ కారణాలు కూడా ఉంటాయి. అందుకే 'ఓహో మాత్రే' అని మనమే తీర్పు చెప్పేయకూడదు. పిన్నిగారికీ అదే చెప్పాం.

ఉపవాసం రోజు మాత్ర

షుగర్ పాఠం వచ్చినప్పుడు నేను పుస్తకం పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాను. ఎందుకంటే మా అమ్మకి షుగర్. రెండేళ్ళ క్రితం కార్తీక సోమవారం నాడు జరిగింది ఇంకా నా కళ్ళముందే ఉంది. ఉపవాసం ఉంది. "మందు మానకూడదు కదా" అని పొద్దున్నే మాత్ర మాత్రం వేసుకుంది. పదకొండు గంటలకి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. భక్తి ఎక్కువై సోలిపోయిందనుకున్నారు ఒకరు. పంచదార నీళ్ళు పట్టించాం. ఎంతసేపటికీ తేరుకోలేదు. ఎవరో పరిగెత్తుకెళ్ళి గ్లూకోజ్ పొడి తెచ్చి కలిపి తాగించాక గాని కళ్ళు నిలపలేదు.

అప్పుడు ఎందుకో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు క్లోమాన్ని మెడబట్టి ఇన్సులిన్ వదిలిస్తాయి. మనం తిన్నామా లేదా అని అవి చూడవు. తింటే ఆ ఇన్సులిన్‌కి పని దొరుకుతుంది. తినకపోతే ఉన్న చక్కెరనే ఊడ్చేస్తుంది. డెబ్బై మిల్లీగ్రాముల కంటే తగ్గితే ప్రమాద ఘంటికే. మెట్‌ఫార్మిన్ పద్ధతి వేరు. అది ముఖ్యంగా లివర్ తయారుచేసే చక్కెరని తగ్గిస్తుంది, ఇన్సులిన్‌ని తోసుకురాదు. అందుకే అదొక్కటే వాడేవాళ్ళకి షుగర్ మరీ పడిపోవడం అరుదు. దాని గొడవ కడుపుతో. వికారం, విరేచనాలు రాకుండా అన్నంతో వేసుకోమంటారు. ఏళ్ళతరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు. అరికాళ్ళ తిమ్మిర్లన్నీ షుగర్ వల్లే అనుకోకుండా, ఆ పరీక్ష ఒకసారి చేయించమని డాక్టరుని అడగొచ్చు.

మరి పంచదార నీళ్ళు ఎందుకు పనిచేయలేదు? ఈ ప్రశ్నకి జవాబు విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. అమ్మ వేసుకునే మాత్రలో మూడు మందులు కలిసి ఉంటాయి. మూడోది వోగ్లిబోస్. పేగుల్లో పంచదారని, పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైముని అది ఆపుతుంది, తిన్నది నెమ్మదిగా రక్తంలో కలవాలని. మేం పట్టించిన పంచదారనీ అలాగే ఆపేసింది! గ్లూకోజ్‌కి విడగొట్టే పని లేదు, నేరుగా రక్తంలోకి పోతుంది. కాబట్టి వోగ్లిబోస్ గాని, అకార్బోస్ గాని ఉన్న మాత్ర వాడేవాళ్ళింట్లో గ్లూకోజ్ పొడి ఒక పొట్లం తప్పకుండా ఉండాలి. మూడు చెంచాలు నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంటలో మళ్ళీ షుగర్ చూడాలి. అది లేకపోతే తేనె నయం, అందులో గ్లూకోజ్ విడిగానే ఉంటుంది. స్పృహ లేనివాళ్ళ నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. ఆస్పత్రికే.

ఇంకో మెలిక ఉంది. పరీక్షల్లో బాగా ఇష్టంగా అడిగే ప్రశ్నట ఇది. గుండెదడకీ, బి.పి.కీ ఇచ్చే ప్రొప్రనొలాల్, అటెనొలాల్ వంటి మాత్రలు షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడనీ, వణుకునీ కప్పేస్తాయి. చెమట ఒక్కటే మిగులుతుంది. అలారం గడియారం గొంతు నొక్కినట్టన్నమాట. రెండు రకాలూ వాడే పెద్దవాళ్ళకి ఊరకే చెమట పడితే ఎండ వేడిమి అని విసనకర్ర అందించకండి, ముందు షుగర్ చూడండి.

ఉపవాసాలు మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, మా అమ్మ నా మాట వినదు కూడా. ఏకాదశికో, శివరాత్రికో వారం ముందే డాక్టరుని అడిగి, ఆరోజు ఏ మాత్ర ఎంత వేసుకోవాలో రాయించుకుంటున్నాం. రంజాను ఉపవాసాలుండే మా వీధి వాళ్ళు ఈ పని ఎప్పట్నుంచో చేస్తున్నారట. మాకే ఆలస్యంగా తెలిసింది.

నొప్పి మాత్ర చేసే పని

నడుంనొప్పికి, మోకాళ్ళనొప్పికి డైక్లోఫెనాక్ మింగని ఇల్లాలు ఉంటుందా? ప్రోస్టాగ్లాండిన్లు అనేవి దెబ్బ తగిలిన చోట నొప్పినీ, వాపునీ పుట్టిస్తాయి. ఆస్పిరిన్ లాంటి మందులు వాటి తయారీని ఆపుతాయని 1971లో జాన్ వేన్ అనే ఆయన కనిపెట్టారు. 1982లో ఆయనకి నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. సరే, 'ఆ చెయ్యి ఇంకెక్కడుంది' అని అడగండి. అవే ప్రోస్టాగ్లాండిన్లు కడుపులో జిగురు పొర కట్టి యాసిడ్ నుంచి కాపాడతాయి. కిడ్నీకి రక్తం వచ్చే నాళాన్ని తెరిచి ఉంచుతాయి. మోకాలి దగ్గర ఆపితే కడుపు దగ్గర, కిడ్నీ దగ్గర కూడా ఆగుతాయి. దాంతో కడుపులో పుండ్లు, పెద్దవాళ్ళలో కిడ్నీ దెబ్బ. అందులోనూ బి.పి.కి ప్రిల్ లేదా సార్టన్ మాత్ర, దానికి తోడు నీరు పోయే మాత్ర వాడుతూ, పైన ఈ నొప్పి మాత్ర కూడా పడితే కిడ్నీకి మూడు వైపుల నుంచి ముట్టడే. దుకాణంలో 'ఒక నొప్పి బిళ్ళ ఇవ్వండి' అని తెచ్చే ముందు ఇంట్లో ఆ రెండూ ఎవరైనా వాడుతున్నారేమో గుర్తు తెచ్చుకోవాలి.

రాబందులు కనపడకుండా పోయింది కూడా ఈ మందువల్లేనంటే నమ్మలేదు నేను. పశువులకి డైక్లోఫెనాక్ ఇచ్చేవారు. చచ్చిన పశువుని తిన్న రాబందుల కిడ్నీలు పాడయ్యేవి. మన దేశంలో పశువైద్యంలో దాన్ని 2006లో నిషేధించారు.

మన భీమవరం మనిషి

పాఠంలో మెథోట్రెక్సేట్ వచ్చినరోజు మా ఆయన పేపర్ పక్కనపెట్టి మరీ లేచొచ్చారు. దాని పుట్టుక వెనక ఉన్నది మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు కట్టారని ఇంగ్లీషు ప్రొఫెసరుగారికి కోపమొచ్చి, ఎం.బి.బి.ఎస్.కి బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారని చెబుతారు. పరీక్షలో మార్కులు తగ్గాయని ఏడ్చే పిల్లలకి ఈ సంగతి చెప్పండి. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో ఉండగా ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేయించారు, దాన్ని అడ్డుకునే మందుల్నీ తయారుచేయించారు. 1948లో వాటితో లుకేమియా పిల్లలకి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఏడే ఆయన కన్నుమూశారు.

కణాలు రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. మెథోట్రెక్సేట్ దాన్ని అందనివ్వదు. ఒంట్లో వేగంగా చీలేవేమిటి? నోటిలోపలి పొర, జుట్టు కుదుళ్ళు, రక్తం తయారయ్యే మూలుగ. కనుక నోటిపూత, జుట్టు రాలడం, రక్తకణాలు తగ్గడం. చూశారా, బట్టీ పట్టే పనే లేదు! ఇప్పుడీ మందు రుమటాయిడ్ కీళ్ళవాతానికి చాలామంది ఆడవాళ్ళు వాడుతున్నారు. కీళ్ళవాతానికి ఇది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకోవడం వల్ల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే, డాక్టరు చెప్పిన వారం పేరు డబ్బా మీద పెద్దక్షరాలతో తెలుగులో రాసి అంటించండి. నోటిపూత వస్తే ఆ వారం మాత్ర వేసేముందే డాక్టరుకి చెప్పాలి. గర్భిణులకి ఇది పనికిరాదు, పిల్లలు కావాలనుకునేవాళ్ళు ముందే మాట్లాడాలి.

బోదకాలుకి ఊళ్ళో పంచే డి.ఇ.సి. మాత్ర కూడా సుబ్బారావుగారి బృందం తెచ్చిందే. అది మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. జనం భయపడి మిగతా మాత్రలు చెట్టుకింద పారేస్తారు. నిజానికి ఎక్కువగా రక్తంలో చచ్చిన సూక్ష్మ పురుగుల వల్ల వచ్చే జ్వరం అది. మందు పనిచేస్తోందనడానికి గుర్తు.

ఇన్ని చెప్పినా, అన్నిటికీ 'ఎందుకు' దొరకదు. ఒకే ఇంజెక్షన్ పదిమందికి ఇస్తే తొమ్మిదిమందికి ఏమీ కాదు, పదో మనిషికి ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం. పెన్సిలిన్ పడకపోవడం అలాంటిదే. మూర్ఛకిచ్చే కార్బమజెపిన్‌కీ, సల్ఫా మందులకీ కొందరిలో చర్మం బొబ్బలెక్కి ఊడిపోతుంది, నోరూ కళ్ళూ పుండవుతాయి. అది కనపడితే క్షణం ఆగకూడదు, ఆస్పత్రికే. ఇవి మోతాదుని బట్టి రావు, ముందుగా పోల్చుకోవడం కష్టం. పిల్లలు బట్టీ పట్టాల్సినవి ఇవే. మనం చేయాల్సింది, పడని మందు పేరు చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోవడం. 'ఏదో తెల్ల బిళ్ళ పడదండీ' అంటే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?

ముఖం తెల్లబడుతుందని రాసుకునే స్టెరాయిడ్ క్రీముల గురించి వేరే వ్యాసమే రాయాలి. చర్మం పలచబడి, ఎర్రటి నాళాలు బయటికి కనిపించి, మొటిమలు లేచిన మొహాలు మా వీధిలోనే రెండున్నాయి. స్టెరాయిడ్ మాత్రలైతే మరో తంటా. చాలాకాలం బయటినుంచి వస్తుంటే ఒంట్లో వాటిని తయారుచేసే గ్రంథి 'నాకేం పని' అని నిద్రపోతుంది. మాత్ర ఒక్కసారి ఆపితే అది వెంటనే లేవదు, మనిషి కుప్పకూలవచ్చు. డాక్టరు మెల్లమెల్లగా తగ్గిస్తారు చూడండి, అది దాన్ని నిద్రలేపడానికే.

స్ట్రిప్ మీది చిన్నక్షరాలు చదవడం ఒకటి మాత్రం నేర్చుకున్నాను. చివర 'ప్రిల్' అని ఉంటే దగ్గు గుర్తుపెట్టుకుంటాను. 'సార్టన్' ఉంటే దగ్గు బెడద దాదాపు లేదు. కానీ ఈ రెండూ ఒంట్లో పొటాషియం పెంచగలవు. కాబట్టి పొటాషియం కలిపిన 'తక్కువ సోడియం' ఉప్పు డాక్టరుని అడక్కుండా వంటలో వాడకూడదు. 'డిపిన్' అంటే పాదాలు చూడాలి. 'స్టాటిన్' అంటే కండరాల నొప్పులుంటే చెప్పాలి. మందు పడలేదని అనుమానమొస్తే రోగులు కూడా నేరుగా చెప్పుకోవడానికి మన దేశంలో ఉచిత ఫోన్ ఉంది: 1800-180-3024. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం వాళ్ళది.

పరీక్షల నెలలో ఇంట్లో నేను పెట్టిన నియమాలు రెండే. రాత్రి పదకొండు దాటితే దీపం ఆర్పేయాలి. నిద్రపోని బుర్రలో ఏదీ నిలవదని వాళ్ళ పుస్తకాల్లోనే ఉంది. రెండోది, అన్నం తినేటప్పుడు ప్రశ్నలు అడగకూడదు. ఈ రెండోది మా అత్తగారు పాటించడం లేదు. దగ్గు తగ్గినప్పట్నుంచి ఆవిడకి హుషారు ఎక్కువైంది. నిన్న ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న మనవరాలిని పట్టుకుని, "ఏమే, ఈ కొత్త మాత్రకి సైడ్ ఎఫెక్ట్ ఏమిటే?" అన్నారు.

"పెద్దగా ఉండదు నానమ్మా. కొందరికి కళ్ళు తిరగొచ్చు."

"ఎందుకొస్తుంది?"

అమ్మాయి ముద్ద కంచంలో పెట్టేసి మళ్ళీ కిడ్నీ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. చారు చల్లారిపోయింది.